పులుపు తెలిసిన నాలుక

మా చెల్పూర్‌లో ఎవరింటికి పోయినా ముందు మంచినీళ్లు, వెనకాలే చాయ్. కాఫీ కావాలంటే ‘తలకాయ నొస్తుందా?’ అని అడుగుతారు. పరకాల నుంచి భూపాలపల్లి పోయే రోడ్డు పొడుగునా ఎన్ని హోటళ్లున్నా, పొయ్యి మీద పొద్దంతా మరిగేది చాయ్ గిన్నే. కాఫీ మాట వస్తే, దండలా వేలాడే చిన్న పొట్లాల్లోంచి ఒకటి తెంపి, వేడి పాలలో కలిపి, చక్కెర దండిగా వేసి ఇస్తారు. కాఫీ ఇక్కడ పండదు. తరాలుగా తాగిన అలవాటూ లేదు. అయినా మంచి కాఫీని గుర్తుపట్టే నాలుక మా దగ్గర లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నాలుక ఉంది. దాన్ని కాఫీ వైపు తిప్పడమే మిగిలింది.

తెలుగువాళ్లలో చాయ్, కాఫీల పంపకం చాలావరకు పాత రాజ్యాల హద్దులను బట్టే జరిగింది. మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న జిల్లాలకు అరవదేశం మీదుగా కాఫీ హోటళ్లు వచ్చాయి. నిజాం ఇలాకాలో ఇరానీ హోటళ్ల చాయ్ నిలబడింది. అందుకే కాఫీ అంటే అవతలివాళ్లది, చాయ్ అంటే మనది అనే భావం ఇప్పటికీ ఉంది. కానీ కాలాన్ని కొంచెం వెనక్కి జరిపి చూస్తే ఈ లెక్క నిలవదు. మా పక్కనే గణపురం కోటగుళ్లు, ఇంకొంచెం అవతల 1213 నాటి శాసనమున్న రామప్ప గుడి ఉన్నాయి. ఆ రాళ్లు చెక్కిన రోజుల్లో ప్రపంచంలో ఎక్కడైనా కాఫీ కాచుకొని తాగారనడానికి నమ్మదగిన ఆధారం లేదు. ఆ ఆధారాలు 15వ శతాబ్దంలో, యెమెన్ సూఫీల దగ్గర మొదలవుతాయి. మన దేశానికి గింజలు తెచ్చింది బాబా బుడన్ అనే ఫకీరని, 17వ శతాబ్దంలో మోఖా రేవు నుంచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెప్తారు. కుంభకోణం వాళ్లయినా, ప్యారిస్ వాళ్లయినా ఏదో ఒక తరంలో కొత్తగా నేర్చుకున్నదే ఈ రుచి. మనం ఇప్పుడు నేర్చుకుంటే ఆలస్యమేమీ కాదు.

మా ఊరికి డికాక్షన్ వాసన కరెంటుతోపాటు వచ్చింది. కాకతీయ థర్మల్ కేంద్రం 2010లో 500 మెగావాట్లతో మొదలైంది. తర్వాత 600 మెగావాట్ల యూనిట్ చేరి మొత్తం 1,100 అయింది. విజయవాడ, పాల్వంచల్లో పనిచేసి బదిలీ మీద వచ్చిన కుటుంబాలు తమ వంటింటి సామానుతోపాటు ఫిల్టర్లను కూడా తెచ్చుకున్నాయి. అట్లాంటి ఒక ఇంట్లోనే నేను ఫిల్టరును దగ్గరగా చూశాను. ఒకదాని మీద ఒకటి కూర్చునే రెండు గిన్నెలు. పైదాని అడుగున సన్నటి చిల్లులు. పొడి వేసి, గొడుగులాంటి బిళ్లతో మెల్లగా అదిమి, దాని మీద సలసల కాగిన నీళ్లు చుట్టూ తిప్పుతూ పోసి, మూత పెట్టి వదిలేయడం. కింది గిన్నెలోకి చుక్క చుక్కగా దిగిన నల్లటి రసంలో మాడు వాసన లేదు. నేను అప్పటిదాకా కాఫీ అనుకున్నదానికి, దీనికి ఏ చుట్టరికమూ కనపడలేదు. ఆ ఇంటావిడ పాలు కలపబోతుంటే ఆపి, ఒక చెంచా డికాక్షన్ ఉత్తగానే అడిగి నాలుక మీద వేసుకున్నాను. చేదు ముందొచ్చింది. దాని వెనక ఇంకేదో ఉంది. ఆ ఇంకేదో ఏమిటన్న ప్రశ్నే నన్ను ఇంత దూరం తెచ్చింది.

మా దగ్గర కాఫీకి ఉన్న పొగడ్త ఒక్కటే: స్ట్రాంగ్. రాత్రి షిఫ్టుకు పోయే మనిషికి నిద్ర ఆగాలి, కాబట్టి స్ట్రాంగ్ కావాలి. అందులో తప్పు లేదు. అయితే నల్లగా, చిక్కగా, చేదుగా ఉన్నదల్లా నిద్రను ఆపదు. సాధారణ పొట్లాల్లో కాఫీతోపాటు చికోరీ ఉంటుంది. అది ఒక మొక్క వేరు. ఎండబెట్టి, వేయించి, పొడి కొడతారు. రంగు బాగా దిగుతుంది, చిక్కదనం వస్తుంది, కాల్చిన చక్కెర వాసన వస్తుంది. కెఫీన్ మాత్రం చుక్క కూడా లేదు. మన ఆహార నిబంధనల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఏది ఎంత శాతమో ప్యాకెట్ మీద వేయాలి. అంటే చట్టబద్ధంగా కొన్న కాఫీలోనే దాదాపు సగం వేరు పొడి ఉండొచ్చు. చికోరీ మీద నాకు కోపం లేదు. పాలలో దాని కమ్మదనం దానికుంది. కానీ కాఫీ రుచి నేర్చుకోవాలనుకున్నవాళ్లు మొదట చేయాల్సిన పని ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు చదవడం.

ఇక చికోరీ లేని ఇన్‌స్టంట్ కాఫీ ఉంది. దాని తయారీలో తెలుగువాళ్లకు పెద్ద చెయ్యే ఉంది. గుంటూరు జిల్లా దుగ్గిరాలలోని సీసీఎల్ ఫ్యాక్టరీ నుంచి పోయే ఇన్‌స్టంట్ పొడి ఎన్నో దేశాల్లో వేరే వేరే పేర్లతో అమ్ముడవుతుంది. పని జరిగే తీరు ఇది: పెద్ద పాత్రల్లో ఎక్కువ ఒత్తిడి మీద కాఫీ రసం తీస్తారు, తర్వాత ఆ రసంలోని నీటిని వేడిగాలిలో చిమ్మిగానీ, గడ్డకట్టించి ఆరబెట్టిగానీ తీసేస్తారు. మిగిలిన పొడి నీళ్లు తగిలితే మళ్లీ కాఫీ అవుతుంది. చిక్కేమిటంటే, కాఫీ వాసనల్లో ఎక్కువ భాగం ఆవిరితోపాటే ఎగిరిపోయే రకం. కొంత పట్టి మళ్లీ కలుపుతారు గానీ పోయినదంతా తిరిగి రాదు. అర్ధరాత్రి కంట్రోల్ రూంలో నిమిషంలో తయారయ్యే కప్పుగా అది గొప్ప సౌకర్యం. రుచి పాఠానికి మాత్రం పనికిరాదు.

అసలు అడ్డంకి పొడి దగ్గర లేదు, పులుపు దగ్గర ఉంది. మంచి అరబికా రకం కాఫీని పాలు లేకుండా మొదటిసారి తాగిన మా వాళ్లలో దాదాపు అందరూ అన్న మాట ఒకటే: ‘పుల్లగుంది, చెడిపోయింది.’ ఇది నాకు చాలా విచిత్రంగా తోస్తుంది. పచ్చిపులుసు లేనిది పండుగ అన్నం దిగని ఇండ్లు మావి. చింతచిగురు వచ్చిందంటే పప్పులో, మటన్‌లో, ఎండు రొయ్యల్లో వేసి నెల రోజులు తింటాం. పుంటికూరలో ఎర్రకాడది ఎంత పులుపు, తెల్లకాడది ఎంత పులుపు అని చెప్పగలం. మామిడికాయ కొరికి ఇది తొక్కుకు పనికొస్తుందా, ముక్కలకు పనికొస్తుందా అని తేల్చగలం. పులుపులో ఇన్ని మెట్లు తెలిసిన మనుషులు కాఫీ కప్పులోకి వచ్చేసరికి పులుపంటే విరిగిన పాలే అనుకుంటారు. కాఫీని ఎప్పుడూ పాలతోనే కలిపి చూసినందువల్ల వచ్చిన భయం అది. కాఫీ గింజ ఒక పండు లోపలి విత్తనం. నిమ్మలో ఉండే సిట్రిక్ ఆమ్లం, ఆపిల్లో ఉండే మాలిక్ ఆమ్లం దానిలోనూ ఉంటాయి. పులుపు బొత్తిగా లేని అరబికా ఉంటే, దాన్ని మాడ్చారన్నా అనాలి, పాతబడిందన్నా అనాలి.

నాలుక మా దగ్గర ఉందని అన్నాను కదా, దానికి నా సాక్ష్యం కల్లు మండువ. కాఫీ ప్రపంచంలో గొప్పగా చెప్పుకునే విద్య ఏమిటంటే, కప్పులోని రుచిని బట్టి అది ఏ రకం చెట్టుది, ఏ ఎత్తున పెరిగింది, ఎట్లా కడిగి ఆరబెట్టారు అని చెప్పడం. మా గౌడ్ మామకు ఆ విద్య కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. ఈత కల్లు, తాటి కల్లు వాసనతోనే వేరు చేస్తాడు. తాటిలో పోతాటిదా, పండుతాటిదా అని మొదటి గుక్కలో చెప్తాడు. పొద్దున దించిందా, నిన్న మాపటిదా, లొట్టి సరిగ్గా కడగలేదా, నీళ్లు కలిశాయా, మందు కలిసిందా అన్నీ చెప్తాడు. వాగు ఒడ్డున ఉన్న చెట్టుకు, చెల్క గట్టున ఉన్న చెట్టుకు తేడా ఉందని, ఏ చెట్టు కల్లు తనకు కావాలో పేరు పెట్టి అడిగేవాళ్లు మా దగ్గర ఇంకా ఉన్నారు. ఈ విద్యకు డిగ్రీ లేదు, ఇంగ్లీషు పేర్లు లేవు, పత్రికల్లో ఫోటోలు రావు. కానీ పద్ధతి అదే: ఒకే వస్తువును మళ్లీ మళ్లీ, ధ్యాస పెట్టి, పక్కపక్కన పెట్టి రుచి చూడటం. తేడా కనపడ్డప్పుడల్లా దానికి కారణం వెతకడం.

కాఫీకి ఆ పద్ధతిని కప్పింగ్ అంటారు. దీనికి యంత్రాలేవీ అక్కర్లేదు. మా ఇంట్లో నేను చేసేది ఇట్లా ఉంటుంది. చికోరీ కలపని అరబికా గింజలను మిక్సీలో, ఇడ్లీ రవ్వంత బరకగా కొడతాను. వృత్తిగా చేసేవాళ్ల కొలత 150 మిల్లీలీటర్ల నీళ్లకు 8.25 గ్రాములు, ఇంట్లో ఎనిమిది గ్రాములంటే చాలు. పొడిని స్టీలు గ్లాసులో వేసి ముందు పొడి వాసన చూడాలి. నీళ్లు మరగబెట్టి దించి, ఒక నిమిషం ఆగి పోయాలి. పొడి అంతా పైకి తేలి, నురగతో మట్టిగడ్డలాంటి పొర కడుతుంది. పొడి తాజాదైతే ఆ పొర ఉబ్బుతుంది, సన్నటి బుడగలు లేస్తాయి. వేయించినప్పుడు గింజలో చిక్కుకున్న బొగ్గుపులుసు వాయువు అది. పాత పొడి ఇట్లా లేవదు, నీళ్లలో సప్పగా మునుగుతుంది. నాలుగు నిమిషాలు ఆగాలి. అప్పుడు ముక్కును గ్లాసు మీదకి వంచి, చెంచా వెనక భాగంతో ఆ పొరను మెల్లగా మూడుసార్లు తోయాలి. పొర పగిలి లోపలి ఆవిరి ఒక్కసారి మొహానికి కొడుతుంది. కాఫీ మొత్తంలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన క్షణం అదే. తాగడం కన్నా ఇష్టం.

తర్వాత పైన తేలిన నురగ తీసేసి, వేడి కొంచెం తగ్గాక చెంచాతో తీసుకొని జుర్రాలి. గట్టిగా, చప్పుడయ్యేలా. సభ్యత కాదని నేర్పిన ఈ చప్పుడే ఇక్కడ పనిముట్టు. నాలుక పట్టేది తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసపు రసంలోని కమ్మదనం వంటి కొద్ది రుచులే. మిగతాదంతా గొంతు వెనక నుంచి ముక్కుకు ఎక్కే వాసన. ముక్కు మూసుకొని తాగితే కాఫీ ఉత్త చేదు నీళ్లే. జుర్రినప్పుడు కాఫీ గాలితో కలిసి, తుంపరై, నోరంతా పరుచుకొని వాసనను పైకి పంపుతుంది. మా పెద్దవాళ్లు చాయ్‌ని సాసర్‌లో పోసుకొని, ఊది, జుర్రని రోజు లేదు. వాళ్లకు ఈ పని ఎవరూ నేర్పక్కర్లేదు.

ఒకే గ్లాసును కాగినప్పుడు ఒకసారి, గోరువెచ్చగా ఉన్నప్పుడు ఒకసారి, పూర్తిగా చల్లారాక ఒకసారి చూడాలి. వేడి మీద అన్ని కాఫీలూ కొంచెం మంచివిగానే తోస్తాయి. చల్లారుతున్నకొద్దీ పులుపు పైకొస్తుంది, మంచిదైతే దాంతోపాటు తీపి వస్తుంది, చెడ్డదైతే లోపాలు బయటపడతాయి. పచ్చికాయలు కలిసి ఉంటే నాలుకను లాగేసే వగరు. నేల మీద ఆరబోస్తే మట్టి వాసన. తడి ఆరకుండా నిలవ పెడితే బూజు. ఏళ్లు నిలవున్నదైతే గోనెసంచి వాసన, దీన్ని కాఫీవాళ్లు ఆ పేరుతోనే పిలుస్తారు. ఎక్కువ పులియబెడితే కుళ్లిన పండు. చల్లారిన తర్వాత కూడా తాగబుద్ధవుతుందా లేదా అన్నది నా వరకు నమ్మకమైన పరీక్ష.

వృత్తిగా రుచి చూసేవాళ్లకు పెట్టే ఒక పరీక్ష ఉంది: మూడు కప్పులు పెడతారు, రెండింట్లో ఒకే కాఫీ, మూడోదాంట్లో వేరేది. వేరేది ఏదో చెప్పాలి. ఒక సాయంత్రం దాన్ని మా అరుగు మీద పెట్టాను. మా బావది ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. గౌడ్ మామ ఆ దారిన పోతూ కూర్చున్నాడు. రెండు గ్లాసుల్లో అరకు అరబికా, ఒక దాంట్లో రోబస్టా అనే వేరే రకం. మామ మొదటి చెంచాకే మొహం చిట్లించాడు.

‘ఏంది అల్లుడా, చింతపండు పిసికినవా దీంట్ల?’

‘లేదు మామా, ఉత్త కాఫీనే. మూడు సూసి ఏది వేరేదో చెప్పు.’

‘నాకైతే మూడు ఒక్కతీరే ఉన్నయ్ బావా,’ అన్నాడు మా బావ.

మామ ఏమీ అనలేదు. మూడింటినీ మళ్లీ వాసన చూశాడు, మధ్యలో నీళ్లతో నోరు పుక్కిలించాడు. ఆ పని చేయమని నేను చెప్పలేదు. చివరి గ్లాసును పక్కకు జరిపి, ‘గీ రెండు ఒక్క చెట్టుయి. గిది వేరే చెట్టుది. గిది నోట్లకెల్లి తొందరగ పోతలేదు,’ అన్నాడు. సరిగ్గా రోబస్టానే. అరబికాతో పోలిస్తే దానిలో కెఫీన్ సుమారు రెండింతలు ఉంటుంది, పులుపు తక్కువ, చేదు నాలుక వెనక పట్టుకొని నిలుస్తుంది. గ్లాసులు చల్లారాక మా బావకు కూడా తేడా దొరికింది. దొరికాక ఆయన అడిగిన ప్రశ్న బాగుంది: ‘మరి నైట్ డ్యూటీకి ఏది మంచిది?’ నిద్ర ఆగడానికైతే రోబస్టానే అన్నాను. రుచికి, అవసరానికి దారులు ఒక్కోచోట విడిపోతాయి. ఆ సంగతి దాచిపెట్టి కాఫీ గురించి మాట్లాడటం నాకు నచ్చదు.

నీళ్ల గురించి మా వైపు తప్పక చెప్పుకోవాలి. కప్పులో ఉండేది 98 శాతానికి పైగా నీళ్లే. మా బోరు నీళ్లు గిన్నె అడుగున తెల్లగా పొర కట్టే రకం. ఆ సున్నపు క్షారం కాఫీలోని ఆమ్లాలను చంపేస్తుంది. ఎంత మంచి గింజ అయినా సప్పగా, సుద్దలాగా దిగుతుంది. మా ఇంట్లో కొందరికి అరకు కాఫీ మామూలుగానే తోచడానికి సగం కారణం ఇదే. క్యాన్లలో వచ్చే ఆర్‌ఓ నీళ్లు దీనికి తలకిందులు. వాటిలోంచి లవణాలు దాదాపు మొత్తం తీసేస్తారు కాబట్టి రుచిని పట్టి లాగే కాల్షియం, మెగ్నీషియం ఉండవు. కాఫీ పల్చగా, పదునుగా తేలిపోతుంది. కాఫీ నిపుణులు చెప్పే కొలత లీటరుకు 150 మిల్లీగ్రాముల లవణాలు, అటూఇటూగా 75 నుంచి 250 దాకా. నేను ఆర్‌ఓ నీళ్లలో కొంచెం బోరు నీళ్లు కలిపి వాడతాను. పాళ్లు మార్చి మార్చి నాలుకతోనే తేల్చుకున్నాను. మిషన్ భగీరథ నల్లా నీళ్లు మరిగించి చల్లార్చి వాడినా మా దగ్గర బాగానే వస్తుంది.

గింజ వేయించడం కూడా ఒక్కసారైనా ఇంట్లో చూడమంటాను. పచ్చి కాఫీ గింజకు చెప్పుకోదగ్గ వాసన లేదు. మూకుడులో వేసి కలుపుతూ పోతే మొదట తడిగడ్డి వాసన, తర్వాత జొన్న పేలాల వాసన వస్తుంది, రంగు పసుపుకు తిరుగుతుంది. గింజ గోధుమ రంగుకు వచ్చాక, దాదాపు 200 డిగ్రీల దగ్గర, చిటపట పేలుతుంది. మనం కాఫీ అని గుర్తుపట్టే వాసన అప్పటికి పుట్టి ఉంటుంది. ఇంకా వేయిస్తే ఆమ్లాలు తగ్గిపోతాయి, చేదు పెరుగుతుంది, రెండోసారి సన్నగా పేలి నూనె పైకి వస్తుంది. ఆ నూనె మెరుపు చూసి మంచి గింజ అనుకుంటారు చాలామంది. నిజానికి ఆ దశ దాటాక ఏ కొండ గింజైనా ఒక్కటే రుచి. బొగ్గుకు ఊరు పేరుండదు. నాసిరకం గింజల లోపాలు కప్పేయడానికి బాగా మాడ్చడం సులువైన దారి. మాడిన చేదునే నాణ్యత అని మనకు అలవాటు చేశారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఎందుకంటే ఆ అలవాటు ధర ఎవరి మీద పడుతుందో అరకు చూస్తే తెలుస్తుంది.

తూర్పు కనుమల్లో కాఫీ 1898లో పాములేరు లోయలో మొదలైందని చెప్తారు. తర్వాత అరకు, చింతపల్లి వైపు పాకింది. అటవీ శాఖ, ఆ తర్వాత పాడేరు గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), కాఫీ బోర్డు కలిసి ఆదివాసీ రైతుల చేతికి మొక్కలిచ్చాయి. పోడు కొట్టిన వాలుల మీద సిల్వర్ ఓక్ నీడ, ఆ చెట్లకు మిరియాల తీగ, కింద కాఫీ. సముద్రమట్టానికి మూడు వేల అడుగుల ఎత్తు, చల్లటి రాత్రులు. చలికి పండు నిదానంగా ముదురుతుంది, గింజ గట్టిపడుతుంది, పులుపూ తీపీ లోపలే కూడుకుంటాయి. మా మైదానపు ఎండలో అరబికా నిలవకపోవడానికి కారణం ఇందులోనే ఉంది. ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా అంటున్న ఆ కొండల్లో కొండదొర, భగత, వాల్మీకి, కొటియా కుటుంబాలెన్నిటికో కాఫీ ఏడాదికోసారి చేతికందే నగదు.

ఎండాకాలం తొలి జల్లులకు కాఫీ చెట్టు కొమ్మ పొడుగునా తెల్లగా, మల్లె వాసనతో పూస్తుంది. పూత నుంచి పండుకు ఎనిమిది తొమ్మిది నెలలు. నవంబర్ నుంచి కోత. ఒకే కొమ్మ మీద ఎర్ర పండు, పసుపు కాయ, పచ్చి కాయ పక్కపక్కనే ఉంటాయి. కొమ్మను గుప్పిట్లో పట్టి ఒక్కసారి దూసేస్తే సంచి తొందరగా నిండుతుంది. ఎర్రబడిన పండునే గిల్లి, పచ్చిదాన్ని వదిలి, మళ్లీ పది పదిహేను రోజులకు అదే చెట్టు దగ్గరికి రావాలంటే మూడు నాలుగు విడతలు కొండ ఎక్కాలి. తెచ్చిన పండును నీళ్లలో వేసి తేలిన తాలును తీసేయాలి. అదే రోజు పల్పర్‌లో తోలు తీయాలి. గింజకు పట్టిన జిగురు ఒక రోజు పులిస్తే విడుస్తుంది. గంటలు ఎక్కువైతే పాడవుతుంది. కడిగి, నేల తగలకుండా బల్లల మీద పరచి, తేమ 11 శాతం దగ్గరికి వచ్చేదాకా రోజుల తరబడి తిరగేయాలి. ఇంతా చేస్తే సుమారు ఆరు కిలోల పండుకు ఒక కిలో గింజ.

ఇప్పుడు ఆలోచించండి. కొనేవాడి నాలుకకు పచ్చికాయ వగరు తెలియకపోతే, ఆ మూడు నాలుగు విడతల నడకకు ధర ఎవరిస్తారు? దళారీ వచ్చి దూసిన కాయకు, గిల్లిన పండుకు ఒకే రేటు కడితే, కొమ్మ దూయడమే తెలివైన పని. ఎన్నో ఏళ్లు అక్కడ జరిగింది అదే. తర్వాత నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ రైతులను సహకార సంఘంగా కూర్చి, పండిన పండుకు వేరే ధర పెట్టి, ‘జెమ్స్ ఆఫ్ అరకు’ పేరుతో కప్పింగ్ పోటీలు నడిపింది. బయటి దేశాల నిపుణులు వచ్చి, ఏ ఊరి రైతు గింజ అయినా పేరు తెలియకుండా చెంచాతో జుర్రి మార్కులు వేస్తారు. వందకు 80 దాటితే దాన్ని స్పెషాలిటీ కాఫీ అంటారు. బెంగళూరు కాఫీ బోర్డులో ఏళ్ల తరబడి రుచి చూసే పని చేసిన సునాలినీ మేనన్ ఆసియాలో తొలి మహిళా కప్ టేస్టర్‌గా పేరు పొందారు; ఉద్యోగం వదిలాక సొంతంగా కాఫీల్యాబ్ పెట్టి మన దేశపు గింజల మంచిచెడ్డలను రైతులకు చెప్పే పని చేపట్టారు. ఇటువంటివాళ్ల నాలుకలు మధ్యలో నిలబడ్డందువల్లే రైతు కష్టం ఒక అంకెగా మారి, ఆ అంకె ధరగా మారింది. 2017లో ప్యారిస్‌లో అరకు పేరుతో దుకాణం తెరిచారు. 2018లో అక్కడే ప్రీ ఎపిక్యూర్ బంగారు పతకం వచ్చింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

సంతోషమే. కానీ మన కొండ మీది పండు రుచిని మనకు ప్యారిస్ వాళ్లు చెప్పాలా అన్న ప్రశ్న నన్ను వదలదు. మన దేశంలో పండే కాఫీలో మూడింట రెండు వంతులకు పైనే బయటికి పోతుంది. మేలిమి గింజ ఓడ ఎక్కితే ఇక్కడ దొరికేది మిగిలిన ముక్కలు, చికోరీ. అడిగేవాళ్లు లేనిచోట అమ్మేవాళ్లు ఎందుకు పెడతారు? మంచి కాఫీ రుచి చూడటం డబ్బున్నవాళ్ల సరదా అని మా ఊళ్లో కొందరు అంటారు. హైదరాబాద్ కాఫీ షాపుల్లో కప్పు ధర చూస్తే అట్లా అనిపించడం సహజం. ఇంట్లో లెక్క వేరు. ఎనిమిది గ్రాములకు ఒక కప్పు చొప్పున పావుకిలో గింజలు ముప్పైకి పైగా కప్పులు అవుతాయి. కిలో వెయ్యి రూపాయల అరబికా కొన్నా కప్పు ఎనిమిది రూపాయలు దాటదు. రోడ్డు మీద చాయ్ దాదాపు అదే ధర.

పాలు కలపడం తప్పని చెప్పేవాళ్లతో నాకు పొత్తు కుదరదు. పాలలోని మాంసకృత్తు వగరును పట్టేసుకుంటుంది, కొవ్వు చేదును మెత్తబరుస్తుంది. బర్రె పాలు, మంచి డికాక్షన్ కలిసిన కమ్మదనం తక్కువదేమీ కాదు. నేను చెప్పేది ఒక్కటే, పాలు పోసేముందు ఒక చెంచా ఉత్తది నోట్లో వేసుకోవాలి. ఏం కలుపుతున్నామో తెలియాలి. బాగా పుల్లటి, లేతగా వేయించిన గింజను బర్రె పాలలో పోస్తే రెండూ కొట్టుకుంటాయి, ఒక్కోసారి పాలు విరుగుతాయి కూడా. పాలకు మధ్యరకంగా వేయించింది తీసుకోవాలి. గౌడ్ మామ అయితే బెల్లం ముక్క నోట్లో పెట్టుకొని మీద ఉత్త కాఫీ తాగుతాడు. ఏ పుస్తకంలోనూ నేను చూడని పద్ధతి అది. చేసి చూశాను, అరబికా పులుపుకు బెల్లం బాగా ఒదిగింది.

కొనేటప్పుడు నేను అడిగేవి మూడు: చికోరీ ఎంత, ఎప్పుడు వేయించారు, ఏ ఊరి కొండది. మొదటిదానికి జవాబు ప్యాకెట్ మీదే ఉంటుంది. రెండోది కొందరు వేస్తున్నారు. వేయించిన నెలలోపుది దొరికితే తీసుకుంటాను. మూడోదానికి హనుమకొండ దుకాణాల్లో ‘అరకుది సార్’ అన్నదాకానే జవాబు వస్తుంది. అరకు అంటే ఒక్క చేను కాదు, ఎన్నో పంచాయతీలు, వందల ఊళ్లు. అనంతగిరి వాలుది, చింతపల్లి వాలుది ఒకే రుచి ఎందుకుంటుంది? ప్యాకెట్ మీద ఊరి పేరు, కోసిన నెల వేయడానికి రెండు లైన్ల సిరా చాలు. పేరు పెట్టి అడిగేవాళ్లు దుకాణానికి పది మంది అయితే ఆ రెండు లైన్లు వస్తాయి. ఈ కోతల కాలం అయ్యాక కొత్త గింజ బజారుకు వస్తుంది. మామ అప్పుడే చెప్పిపెట్టాడు, ఈసారి రెండు వేరే ఊళ్లవి తెమ్మని.